ఎత్తు పెంచిన బండి అదురుతోందా? ముందు లెక్క కట్టండి, తర్వాతే షాఫ్ట్ విప్పండి

బండికి లిఫ్ట్ కిట్ వేశాకో, పెద్ద టైర్లు ఎక్కించాకో, గేర్‌బాక్స్ మార్చాకో కింద నుంచి కొత్తగా ఒక అదురు మొదలవుతుంది. చాలామంది మొదట చేసే పని గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు తిరుగుడు మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి బాలెన్సింగ్‌కు పంపడం. బాలెన్స్ చేయించి బిగించినా అదురు తగ్గదు. తర్వాత క్రాస్‌లు (షాఫ్ట్ చివరల్లో వంగుతూ తిరిగే యూనివర్సల్ జాయింట్లు) మారుస్తారు, సెంటర్ బేరింగ్ మారుస్తారు, చివరికి గేర్‌బాక్స్ మౌంటింగులూ మారుస్తారు. అయినా అదురు అలాగే ఉంటుంది. ఎందుకంటే షాఫ్ట్ తిన్నగానే ఉంది, అది ఏ కోణంలో తిరగాల్సి వస్తోందో ఎవరూ కొలవలేదు.

కొలవడానికి ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు బండి ఒకసారి అదురుతోందా, రెండుసార్లా? ఒకసారి అయితే బరువు తేడా, వంపు, ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే పళ్లెం లాంటి చివర) మధ్యలో కూర్చోకపోవడం లాంటివి అనుమానించాలి. రెండుసార్లు అయితే దాదాపుగా క్రాస్‌ల కోణమే. రెండో రకం అదురును ఏ బాలెన్సింగ్ మెషీనూ పోగొట్టలేదు, ఎందుకంటే ఆ మెషీన్ మీద షాఫ్ట్ మీ బండిలో ఉన్న కోణంలో తిరగదు.

రెండుసార్లే ఎందుకంటే, క్రాస్ వంగి తిరిగేటప్పుడు లోపలికి వచ్చే వేగం సమంగా ఉన్నా బయటికి పోయే వేగం సమంగా ఉండదు. ఒక్కో చుట్టులో అది రెండుసార్లు హెచ్చుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. 3 డిగ్రీల దగ్గర ఈ హెచ్చుతగ్గు 0.14 శాతమే, లెక్కలోకి రాదు. 10 డిగ్రీలకు అది 1.5 శాతం, 20 డిగ్రీలకు 6 శాతం దాటుతుంది. కోణం రెట్టింపైతే కుదుపు నాలుగు రెట్లవుతుంది. షాఫ్ట్ వేగం రెట్టింపైనా అంతే. 40 కిలోమీటర్ల వేగంలో తెలియనిది 80లో పళ్లు కదిలించేలా ఉండటానికి కారణం ఇదే.

లెక్క ఇలా కడతారు. టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి, బండిని సరిగ్గా ఒక చుట్టు ముందుకు దొర్లించి నేల మీద దూరం కొలవండి. టైరు పక్కన రాసిన సైజును నమ్మి లెక్క కట్టొద్దు. బరువు కింద టైరు కొంచెం నొక్కుకుపోతుంది కాబట్టి కొలతే నిజం. ఆ దూరం 2.4 మీటర్లు అనుకుందాం. 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22.2 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 9.3 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ రేషియో 4.1 అయితే, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ 4.1 చుట్లు తిరిగితే, షాఫ్ట్ సెకనుకు 38 చుట్లు, నిమిషానికి 2280. కాబట్టి 80 వేగంలో 9 హెర్ట్జ్ (సెకనుకు 9 అదుర్లు) దగ్గర కనబడితే టైరు లేదా డిస్క్, 38 దగ్గర కనబడితే షాఫ్ట్ బరువు తేడా, 76 దగ్గర కనబడితే కోణం.

హెర్ట్జ్ కొలవడానికి ఫోన్లో కంపనాలు చూపే యాప్ చాలు. ఫోన్‌ను సీటు మీద కాకుండా సీటు పట్టాల మీదో, గేర్ లివర్ పక్కన గట్టి లోహం మీదో అంటించండి. ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. సెకనుకు 100 సార్లు మాత్రమే కొలిచే ఫోన్ 50 హెర్ట్జ్ వరకే నిజం చెబుతుంది. 76 హెర్ట్జ్ అదురు దాని తెరమీద 24గా కనబడవచ్చు. అది చూసి టైర్లు మార్చేస్తే డబ్బు దండగ. సెకనుకు కనీసం 200 సార్లు కొలిచే యాప్, అందుకు తగ్గ ఫోన్ వాడండి. లేదంటే మైకుతో శబ్దం రికార్డు చేసి దాని హెర్ట్జ్ చూడండి. కోణం అదురు ఎక్కువగా క్యాబిన్‌లో గుమ్మని మోతలా వస్తుంది కాబట్టి మైకు బాగానే పట్టుకుంటుంది.

రోడ్డు మీద చేయాల్సినవి

ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు చూసుకోండి. అదురు వచ్చే వేగం అందుకున్నాక ఇంకో గేరుకు మారి అదే వేగంలో పొండి. అదురు ఇంజన్ స్పీడుతో పాటు మారితే అది ఇంజన్, క్లచ్, మౌంటింగుల సంగతి. షాఫ్ట్ వైపు చూడక్కర్లేదు. మారకుండా బండి వేగాన్నే అంటిపెట్టుకుని ఉంటే అది గేర్‌బాక్స్ తర్వాత నుంచి టైర్ల దాకా ఎక్కడో ఉంది.

తర్వాత అదే వేగంలో న్యూట్రల్ వేసి దొర్లనివ్వండి. ఇంజన్ మాత్రం ఆపొద్దు. ఆపితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకు బూస్టర్ సాయం పోతుంది. న్యూట్రల్‌లోనూ అదురు అలాగే ఉంటే బరువు తేడా, వంపు వైపు మొగ్గండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వచ్చి, వదలగానే పోతే, బరువు పడ్డప్పుడు ముక్కు పైకి లేస్తున్న పినియన్ (షాఫ్ట్ నుంచి తిరుగుడు అందుకునే డిఫరెన్షియల్ గేరు) మీద అనుమానం పెట్టుకోండి. తొక్కితే లేకుండా, వదిలితే వస్తే పినియన్ అవసరానికి మించి కిందికి ఉన్నట్టు. అయితే పినియన్ బేరింగ్ వదులైనా ఇదే లక్షణం చూపిస్తుంది. షాఫ్ట్ విప్పినప్పుడు పినియన్ ఫ్లాంజ్‌ను చేత్తో పైకీ కిందికీ లాగి చూడండి. అలా లాగినప్పుడు ఏ కాస్త ఆట ఉన్నా అది తప్పే. తిప్పినప్పుడు కొద్దిగా ఆట ఉండటం మాత్రం పళ్ల మధ్య ఉండాల్సిన సందే.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ఇంకా మంచి పరీక్ష ఉంది. ముందు చక్రాలకు పోయే షాఫ్ట్ విప్పి, టూ వీల్‌లో నడిపి చూడండి. చాలా బండ్లలో ముందు చక్రాల హబ్‌లు ఇరుసుతో ఎప్పుడూ కలిసే ఉంటాయి కాబట్టి టూ వీల్‌లోనూ ముందు షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. లిఫ్ట్ వేశాక వచ్చే మోతకు చాలాసార్లు మూలం అదే, కానీ అందరూ వెనక షాఫ్ట్ దగ్గరే వెతుకుతారు. వెనక షాఫ్ట్ విప్పి ఫోర్ హైలో ముందు చక్రాలతో నడిపి చూడటం దీనికి జంట పరీక్ష. షాఫ్ట్ ముందు భాగం ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక షాఫ్ట్‌లకు శక్తి పంచే గేరు పెట్టె) లోకి జారే స్లిప్ యోక్ అయితే మాత్రం దాన్ని తీసి నడపకూడదు, ఆయిలంతా కారిపోతుంది.

షాఫ్ట్ విప్పే ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టండి. షాఫ్ట్ లేనప్పుడు గేరులో పెట్టినా, ఆటోమేటిక్‌లో పార్క్ వేసినా బండి నిలబడదు. కొన్ని బండ్లలో హ్యాండ్ బ్రేక్ గేర్‌బాక్స్ వెనక డ్రమ్ మీదే పనిచేస్తుంది, షాఫ్ట్ విప్పగానే అది కూడా పోయినట్టే. బండిని స్టాండ్ల మీద ఎత్తి చక్రాలు తిప్పుతూ కింద దూరి చూడటం నేను ఎవరికీ చెప్పను. ఆక్సిల్ వేలాడితే కోణాలే మారిపోతాయి, ఆ అదురు నిజమైన అదురు కాదు. ప్రాణానికీ ప్రమాదం.

కోణాలు కొలవడం

అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్ ఒకటి కావాలి. బండి సమతలం మీద, నాలుగు చక్రాల మీద, రోజూ మోసే బరువుతో నిలబడాలి. జాకీ మీద ఎత్తి కొలిస్తే ఆ అంకెలకు విలువ లేదు. మూడు చోట్ల కొలవాలి. గేర్‌బాక్స్ లేదా ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్, షాఫ్ట్ గొట్టం, పినియన్. ఫ్లాంజ్ నిలువు ముఖం మీద పెడితే 90 తీసేయాలి. ఫ్లాంజ్ అందకపోతే సర్‌క్లిప్ తీసి, క్రాస్ కప్పు నేలవైపు చూసేలా షాఫ్ట్ తిప్పి, దాని మీద ఒక సాకెట్ ఆనించి గేజ్ పెట్టవచ్చు. షాఫ్ట్ మీద కొలిచేటప్పుడు వెల్డింగ్‌కూ బాలెన్స్ ముక్కలకూ దూరంగా పెట్టండి. అన్నీ బండి ఒకే పక్క నుంచి చూసి రాయాలి. వెనక్కి దిగుతుంటే ప్లస్, వెనక్కి ఎక్కుతుంటే మైనస్ అని ముందే రాసుకోండి. ఈ గుర్తు తారుమారైతే ఎంత బాగా కొలిచినా లెక్క మొత్తం తప్పుతుంది.

ఉదాహరణకు అవుట్‌పుట్ ప్లస్ 4, షాఫ్ట్ ప్లస్ 14, పినియన్ ప్లస్ 4 వచ్చాయనుకోండి. ముందు క్రాస్ కోణం 14 నుంచి 4 తీసేస్తే 10. వెనక క్రాస్ కోణమూ 10. రెండూ సమానం, అవుట్‌పుట్, పినియన్ సమాంతరం. ముందు క్రాస్ పుట్టించిన హెచ్చుతగ్గును వెనక క్రాస్ తిరిగి సరిచేస్తుంది. మామూలు రెండు క్రాస్‌ల షాఫ్ట్‌కు కావాల్సింది ఇదే.

ఇప్పుడు అందరూ చేసే పొరపాటు. లిఫ్ట్ తర్వాత షాఫ్ట్ ఏటవాలు చూసి భయపడి, కమాన్ పట్టీల కింద కోణం షిమ్ (ఏటవాలు పలక) పెట్టి పినియన్ ముక్కును ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు తిప్పేస్తారు. వెనక క్రాస్ 1 డిగ్రీకి వస్తుంది, చూడటానికి అందంగా ఉంటుంది. కానీ ముందు 10, వెనక 1. ముందు పుట్టిన కుదుపును రద్దు చేసేవాళ్లు లేరు. మిగిలిన కోణం ఎంతో ఇలా చూస్తారు. రెండు కోణాల వర్గాల తేడాకు వర్గమూలం. 100లోంచి 1 తీసేస్తే 99, దాని మూలం 9.95. అంటే ఒకే క్రాస్ దాదాపు 10 డిగ్రీల్లో తిరుగుతున్నట్టే. పినియన్‌ను పైకి చూపించడం డబుల్ కార్డాన్ షాఫ్ట్‌కు మాత్రమే సరైన పద్ధతి. అందులో ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు రెండు క్రాస్‌లు పక్కపక్కనే ఉండి తమ కుదుపును తామే సరిచేసుకుంటాయి. అక్కడ పినియన్ షాఫ్ట్‌తో ఒకే గీతలో ఉండాలి. అలాంటి బండికి కమాన్ పట్టీలు ఉంటే నిలబడి ఉన్నప్పుడు పినియన్‌ను 1 నుంచి 2 డిగ్రీలు కిందికి ఉంచాలి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కగానే పట్టీలు మెలిపడి పినియన్ ముక్కు లేస్తుంది. కాయిల్ స్ప్రింగులు, లింకులు ఉన్న బండికి 1 డిగ్రీ లోపు చాలు.

ఇదే వర్గమూలం లెక్క ఇంకో సంగతి కూడా చెబుతుంది. రెండు కోణాల మధ్య తేడా ఒక డిగ్రీ లోపుంటే చాలు అనే మాట ఎక్కడ చూసినా వినబడుతుంది. చిన్న కోణాల దగ్గర అది నిజం. 3, 2 అయితే మిగిలేది 2.2 డిగ్రీలు, ఫర్వాలేదు. 10, 9 అయితే మిగిలేది 4.4. తేడా అదే ఒక డిగ్రీ, మిగిలే కోణం రెట్టింపు. మిగిలే కోణం 3 లోపు ఉండాలని పెట్టుకుంటే, ఎత్తు పెంచిన బండిలో అర డిగ్రీ కూడా వదలకూడదని అర్థమవుతుంది.

రెండు కోణాలూ అచ్చంగా సమానమైనా ఇంకో చిక్కు మిగులుతుంది. రెండు చివరలూ సమంగా తిరుగుతాయి, కానీ మధ్యలో ఉన్న గొట్టం మాత్రం ప్రతి చుట్టులో వేగం పెరిగి తగ్గుతూనే ఉంటుంది. దాని బరువంతా అలా ఊగుతుంది. అందుకే కోణానికి వేగాన్ని బట్టి ఒక హద్దు ఉంది. షాఫ్ట్‌లు తయారుచేసే స్పైసర్ సంస్థ పట్టిక ప్రకారం (ఇందులో కోణం నిమిషాలు 60 అయితే ఒక డిగ్రీ) షాఫ్ట్ నిమిషానికి 5000 చుట్లు తిరిగితే 3 డిగ్రీల 15 నిమిషాలు, 4000 వద్ద 4 డిగ్రీల 15 నిమిషాలు, 3000 వద్ద 5 డిగ్రీల 50 నిమిషాలు, 2500 వద్ద 7, 2000 వద్ద 8 డిగ్రీల 40 నిమిషాలు మించకూడదు. మన ఉదాహరణలో 2280 చుట్ల దగ్గర 10 డిగ్రీలు ఉన్నాయి. కోణాలు సరిపోయినా హద్దు దాటిపోయింది. అక్కడ షిమ్‌లతో కుస్తీ పట్టి లాభం లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ కాస్త దించాలి, లేదా డబుల్ కార్డాన్ వేయాలి, లేదా లిఫ్ట్ తగ్గించాలి. మరోవైపు కోణం సున్నా కావడమూ మంచిది కాదు. క్రాస్ కప్పుల్లోని సూది రోలర్లు కదలక ఒకేచోట నొక్కుకుని గాట్లు పడతాయి. అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ అయినా ఉండాలి.

లిఫ్ట్ ఎంత కోణం పెంచుతుందో కొనకముందే చూసుకోవచ్చు. మీటరు షాఫ్ట్‌కు 50 మిల్లీమీటర్ల లిఫ్ట్ దాదాపు 2.9 డిగ్రీలు కలుపుతుంది. 600 మిల్లీమీటర్ల పొట్టి షాఫ్ట్‌కు అదే లిఫ్ట్ 4.8 డిగ్రీలు. పొట్టి వీల్‌బేస్ బండ్లే ఎక్కువ బాధపడటం ఇందుకే.

పక్కవాటు కోణం మర్చిపోకండి. పినియన్ బండికి మధ్యలో లేకపోతే పైనుంచి చూసినప్పుడు కూడా షాఫ్ట్ అడ్డంగా పోతుంది. నిలువు కోణం 6, పక్క కోణం 3 అయితే క్రాస్ అసలు కోణం రెండు వర్గాల మొత్తానికి మూలం, అంటే 6.7.

రెండు ముక్కల షాఫ్ట్ ఉంటే సెంటర్ బేరింగ్ ఎత్తు మీద దృష్టి పెట్టండి. ముందు ముక్క గేర్‌బాక్స్‌తో దాదాపు తిన్నగా, ఒక డిగ్రీ లోపు తేడాతో ఉండాలి. మిగతా పని వెనక ముక్కలోని రెండు క్రాస్‌లది. ఆగి ఉన్న బండి బయల్దేరేటప్పుడు, 30 కిలోమీటర్ల లోపు, గడగడమని వణికి తర్వాత మాయమైతే అది చాలావరకు సెంటర్ బేరింగ్ దగ్గరిదే. వంగిన క్రాస్ గుండా పెద్ద టార్క్ పోయినప్పుడు షాఫ్ట్‌ను వంచే బలం కూడా పుడుతుంది, అది చుట్టుకు రెండుసార్లు బేరింగ్ రబ్బరును తన్నుతుంది. చినిగిన రబ్బరు మారిస్తే కొన్నాళ్లు తగ్గుతుంది. ఎత్తు సరిచేయకపోతే కొత్త రబ్బరూ చినుగుతుంది.

విప్పినప్పుడు చూడాల్సినవి

స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు మారేలా లోపలికీ బయటికీ జారే భాగం) విప్పే ముందు రెండు భాగాల మీదా పెయింట్‌తో గీత పెట్టండి. 16 పళ్ల స్ప్లైన్‌లో ఒక్క పన్ను తప్పితే 22.5 డిగ్రీలు తప్పినట్టే. షాఫ్ట్ రెండు చివరల యోక్ (క్రాస్‌ను పట్టుకునే ఫోర్క్) చెవులు ఒకే గీతలో ఉండాలి. లేకపోతే కోణాలు ఎంత సమానమైనా రద్దు కావు. రెండు ముక్కల షాఫ్ట్‌లలో కొందరు తయారీదారులు కావాలనే వేరే అమరిక పెడతారు కాబట్టి అక్కడ మీ ఊహ కాదు, మీరు పెట్టిన గీతే ప్రమాణం.

లిఫ్ట్ తర్వాత స్లిప్ జాయింట్ బయటికి జరిగి, పట్టు తగ్గి, లోపల ఊగుతుంది. బండి నిలబడ్డప్పుడు లోపలికి ఇంకా కనీసం 25 మిల్లీమీటర్లు జారే చోటుండాలి, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా స్ప్లైన్ తగినంత లోపల ఉండాలి. క్రాస్‌ను చేత్తో నాలుగు వైపులా తిప్పి చూడండి. వదులు తప్పు, బిగుసుకుని మెట్లు మెట్లుగా కదలడమూ తప్పే. కొత్త క్రాస్ నొక్కాక బిగుసుకుంటే యోక్ చెవుల మీద సుత్తితో ఒక్క దెబ్బ వేయండి, కప్పులు సర్‌క్లిప్‌కు ఆని సర్దుకుంటాయి. యూ బోల్టులను అతిగా బిగిస్తే కప్పు అండాకారమై రోలర్లు పట్టేస్తాయి.

వంపు కొలవడానికి డయల్ గేజ్ పెట్టి షాఫ్ట్ చేత్తో తిప్పండి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పాటించండి. లేకపోతే చివరల దగ్గర అర మిల్లీమీటరు, నడుమ ముప్పావు మిల్లీమీటరు దాటితే అనుమానించవచ్చు. ఫ్లాంజ్ దగ్గర వంపు కనబడితే నాలుగు బోల్టులూ తీసి షాఫ్ట్‌ను 180 డిగ్రీలు తిప్పి బిగించి మళ్లీ నడపండి. అదురు మారితే ఫ్లాంజ్, షాఫ్ట్ కలిసే చోటే తేడా.

బరువు తేడా ఎంత పని చేస్తుందంటే, గొట్టం మధ్య నుంచి 40 మిల్లీమీటర్ల దూరంలో 30 గ్రాముల మట్టి అంటుకుంటే నిమిషానికి 3000 చుట్ల దగ్గర 12 కిలోల బలంతో లాగుతుంది. 1500 దగ్గర అది 3 కిలోలే. చేతికి అందే మందు హోస్ క్లిప్. వెనక చివర చుట్టూ 90 డిగ్రీలకు ఒకటి చొప్పున నాలుగు గుర్తులు పెట్టి, క్లిప్ స్క్రూ తల ఒక్కో గుర్తు మీద ఉంచి నడిపి చూడండి. తగ్గిన చోట రెండో క్లిప్ కూడా వేయండి. ఎక్కువైతే రెండు తలలను సమంగా ఎడం చేస్తూ పొండి. అందులోనే తేలితే తర్వాత బాలెన్సింగ్‌కు పంపడం సార్థకం.

డిఫరెన్షియల్ రేషియో మార్చినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 4.1 నుంచి 4.88కి పోతే అదే రోడ్డు వేగానికి షాఫ్ట్ 19 శాతం ఎక్కువ తిరుగుతుంది, బరువు తేడా బలం 42 శాతం పెరుగుతుంది. నిన్నటిదాకా తెలియని తేడా ఇవాళ తెలుస్తుంది. పొడవు షాఫ్ట్ వేసుకుంటే ఇంకా పెద్ద ప్రమాదముంది. ప్రతి గొట్టానికీ ఒక వేగం దగ్గర తాడులా మధ్యలో ఉబికే గుణం ఉంటుంది. 76 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టానికి క్రాస్ నుంచి క్రాస్‌కు 1.5 మీటర్లు ఉంటే ఆ వేగం లెక్క ప్రకారం నిమిషానికి 5600 చుట్లు. 1.8 మీటర్లకు 3900కు పడిపోతుంది. నిజంగా తిరిగే వేగం దీనిలో 75 శాతం దాటకూడదు, అంటే 2900. పైన చెప్పిన టైరు, 4.88 రేషియోతో 100 కిలోమీటర్ల వేగంలో షాఫ్ట్ దాదాపు 3390 చుట్లు తిరుగుతుంది. సెంటర్ బేరింగ్ తీసేసి ఒకే ముక్క వేయాలనుకునేవాళ్లు ఈ లెక్క కట్టకుండా గొట్టం కోయించకూడదు. గొట్టం విరిగి నేలకు గుచ్చుకుంటే జరిగేది ఊహించుకోవచ్చు.

ముందు చక్రాలకు స్వతంత్ర సస్పెన్షన్ ఉన్న బండికి లిఫ్ట్ వేస్తే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పక్కకు ఊగినట్టు వణుకు వస్తుంది. అది ప్రొపెల్లర్ షాఫ్ట్‌ది కాదు, చక్రాన్ని తిప్పే హాఫ్ షాఫ్ట్ లోపలి చివర ఉండే మూడు రోలర్ల ట్రైపాడ్ జాయింట్‌ది. చక్రం చుట్టుకు మూడుసార్లు వస్తుంది, మన టైరుకు 60 వేగంలో 21 హెర్ట్జ్. హాఫ్ షాఫ్ట్ కోణం తగ్గించడమే దానికి అసలు మందు.

సరిచేసేటప్పుడు

కోణం షిమ్ ఉక్కుదే వాడండి, అల్యూమినియం షిమ్ బరువు కింద నలిగి పగులుతుంది. షిమ్ మందానికి సరిపడా సెంటర్ బోల్టు పొడవు చూసుకోండి. పినియన్ బాగా పైకి తిప్పితే ఆయిల్ వెనక్కి జారి ముందు బేరింగ్ ఎండిపోతుంది, కొంచెం ఎక్కువ ఆయిల్ పోయాలి. ముందు ఘన ఆక్సిల్ అయితే పినియన్ పైకి తిప్పినంత మేర క్యాస్టర్ (చక్రం తిరిగే స్టీరింగ్ గీత వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది, స్టీరింగ్ తేలిపోతుంది. ముందు హబ్‌లు విడదీసే వీలుంటే క్యాస్టర్‌కే ఓటు వేయండి, తిరగని షాఫ్ట్ అదరదు. ట్రాన్స్‌ఫర్ కేస్ దించితే ఇంజన్ వెనక భాగమూ దిగుతుంది, రేడియేటర్ ఫ్యాను దాని కవచానికి తగులుతుందేమో, సైలెన్సర్ పైపు ఛాసిస్‌కు ఆనుతుందేమో చూడండి. ఆనిన పైపు కూడా షాఫ్ట్ మోతలాగే గుమ్మంటుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ మూడు కోణాలూ, 80 వేగంలో హెర్ట్జూ రాసుకోండి. కొత్త కమాన్ పట్టీలు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొంత కిందికి కూర్చుంటాయి. అప్పుడు యూ బోల్టులు మళ్లీ బిగించి, కోణాలు మళ్లీ కొలిచాకే ఆఖరి షిమ్ ఎంతో తేల్చండి.